సాల్ట్‌వాటర్ ట్యాంక్ సైక్లింగ్‌కి చుక్కల టెస్ట్ కిట్: 38 రోజులు వాడాక నా రివ్యూ

కొత్తగా మెరైన్ ట్యాంక్ పెడుతున్నాం ఏమేం కొనాలి అని ఎవరైనా అడిగితే అందరూ లైట్ గురించి చెప్తారు, నురగతో మురికి లాగేసే స్కిమ్మర్ గురించి చెప్తారు, టెస్ట్ కిట్ మాట చివర్లో ఎక్కడో వస్తుంది. నన్నడిగితే మొదట కొనాల్సింది అదే. 120 లీటర్ల ట్యాంక్‌ని పొడి రాళ్ళు, పొడి ఇసుకతో మొదలుపెట్టి, ఒక్క చేప కూడా వెయ్యకుండా 38 రోజులు నడిపి, ఇప్పుడు రెండు చిన్న క్లౌన్ ఫిష్‌లు అందులో హాయిగా తిరుగుతుంటే చూస్తూ ఇది రాస్తున్నా. ఈ 38 రోజుల్లో నేను కొన్నవాటిలో కొన్ని పనికొచ్చాయి, కొన్ని అస్సలు పనికిరాలేదు, ఆ తేడా నాకు తెలిసింది మాత్రం ఈ కిట్ వల్లే.

ఏ కిట్ అంటే, టెస్ట్ ట్యూబ్‌లో 5 ఎంఎల్ నీళ్ళు పోసి, సీసాలోంచి చుక్కలు వేసి, రంగు మారాక కార్డు పక్కన పెట్టి చూసే రకం. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ ఉంటాయి. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, ఈ రకం కిట్లు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి నేను చెప్పేది ఎవరి కిట్‌కైనా పనికొస్తుంది. కొనేటప్పుడు సాల్ట్‌వాటర్‌కి పనికొచ్చేదేనా అని మాత్రం చూడండి, ఎందుకంటే కలర్ కార్డు ఉప్పునీళ్ళకి వేరే ఉండొచ్చు, పీహెచ్ కూడా హై రేంజ్‌ది కావాలి, మన నీళ్ళు 8.2 దగ్గర ఉంటాయి కదా.

సైక్లింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. చేప ఊపిరి పీల్చినా, తిన్నది అరిగినా, మిగిలిన మేత కుళ్ళినా నీళ్ళలోకి అమ్మోనియా వస్తుంది, అది చేపకి విషం. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్ చేస్తాయి, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి, నైట్రేట్ ఒక మోస్తరుగా ఉంటే చేపలు తట్టుకుంటాయి, ఎక్కువైతే నీళ్ళు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ సూక్ష్మజీవులు నీళ్ళలో తేలుతూ ఉండేవి తక్కువ, రాళ్ళ మీద, ఇసుక రేణువుల మీద, ఫిల్టర్ లోపల పొరలా అతుక్కుని ఉంటాయి, ఆ పొర తయారయ్యేదాకా ఆగడమే సైక్లింగ్. ఉప్పునీళ్ళలో ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అమ్మోనియాలో విషం ఎంత అనేది పీహెచ్ మీద ఆధారపడుతుంది, పీహెచ్ 7 దగ్గర విషపు రూపంలో ఉండే వాటాతో పోలిస్తే 8.2 దగ్గర అది పది రెట్లకు పైనే. మంచినీళ్ళ ట్యాంక్‌లో తట్టుకున్న రీడింగ్ ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ఇక నా కథకి వస్తా. ఆర్వో నీళ్ళలో ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర పెట్టి, హీటర్ 26 డిగ్రీలకి సెట్ చేసి, నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్ ఆన్ చేసి ఒక రోజంతా వదిలేశా. మర్నాడు అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం కొలిచి పోసి 2 పిపిఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు వచ్చేలా చేశా. చాలామంది పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్ళబెడతారు, అదీ పనిచేస్తుంది కానీ ఎంత అమ్మోనియా వస్తుందో మన చేతిలో ఉండదు, వాసన కూడా భరించాలి. సీసాలోంచి కొలిచి పోస్తే లెక్క మన చేతిలో ఉంటుంది. అదే రోజు బాటిల్ బ్యాక్టీరియా, అంటే ఇందాక చెప్పిన సూక్ష్మజీవుల్ని బాటిల్‌లో నింపి అమ్మేది, అది కూడా పోశా, ఆ బాటిల్ మీద 24 గంటల్లో చేపలు వెయ్యొచ్చని పెద్దక్షరాలతో ఉంది.

మూడో రోజు నాటికి ఇంట్లో అందరికీ తొందర మొదలైంది. అప్పటికి నా దగ్గర స్ట్రిప్‌లు కూడా ఉన్నాయి, కాగితం పట్టీ నీళ్ళలో ముంచి తీస్తే రంగులొచ్చేవి. తమ్ముడు ఒక స్ట్రిప్ ముంచి చూసి, "అన్నా, నైట్రైట్ జీరో, నైట్రేట్ జీరో, అంతా క్లీన్‌గా ఉంది కదా, వేసేద్దామా" అన్నాడు. వాడి తప్పేం లేదు, స్ట్రిప్ చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ ఆ స్ట్రిప్‌లో అమ్మోనియా గడే లేదు! ఐదు గళ్ళున్నాయి, పీహెచ్ ఉంది, కాఠిన్యం ఉంది, అసలు చంపేది మాత్రం లేదు. "ఆగరా, చుక్కలది చూద్దాం" అని ట్యూబ్‌లో నీళ్ళు పట్టి, మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు వేసి, మూత పెట్టి కలిపి ఐదు నిమిషాలు కిటికీ దగ్గర పెట్టాం. మొదట నిమ్మకాయ పసుపు, తర్వాత మెల్లగా లేత పచ్చ, ఆఖరికి ముదురాకు పచ్చ. కార్డు మీద 2 పిపిఎం గడికి సరిగ్గా అతికింది. నేను పోసిన అమ్మోనియా పోసినట్టే ఉంది, ఒక్క పిసరు కూడా తగ్గలేదు. నైట్రైట్, నైట్రేట్ జీరో వచ్చింది నీళ్ళు బాగుండి కాదు, పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి. ఆ రోజు స్ట్రిప్ మాట విని చేపలు వేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే సైక్లింగ్‌కి స్ట్రిప్‌లు వద్దని గట్టిగా చెప్తున్నా, అమ్మోనియా విడిగా కొలిచే ఏర్పాటు ఉంటే తప్ప.

తొమ్మిది రోజులు గడిచినా అమ్మోనియా 2 దగ్గరే ఉండిపోయింది, నైట్రైట్ ఆకాశనీలం రంగులోనే, అంటే జీరో. ఆ మొదటి బాటిల్‌ని మళ్ళీ తిప్పి చూస్తే దాని మీద తయారీ తేదీ లేదు, ఎక్స్‌పైరీ లేదు. బ్యాక్టీరియా అనేది ప్రాణమున్న సరుకు, వేడి తగిలినా గడ్డకట్టినా చచ్చిపోతుంది, చచ్చిన బాటిల్‌కీ బతికున్న బాటిల్‌కీ పైకి చూస్తే తేడా కనపడదు. పదో రోజు ఇంకో కంపెనీది తెచ్చా, ఈసారి తేదీ చూసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేది చూసి తీసుకున్నా. బాగా షేక్ చేసి నేరుగా రాళ్ళ మీదకి పోశా, స్కిమ్మర్ కొన్ని రోజులు ఆపేశా, నీళ్ళలో క్రిముల్ని చంపే యూవీ లైట్ లాంటివి ఉంటే అవి కూడా ఆపాలి, లేకపోతే పోసిన బ్యాక్టీరియా రాయిని పట్టుకునే లోపే పోతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఈ నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియాని విడిగా పెంచి చూపించింది సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో. అప్పట్నుంచీ పుస్తకాల్లో నైట్రోబాక్టర్ అనే పేరే తిరుగుతుండేది, అక్వేరియంలలో నైట్రైట్‌ని తినేది అదే అని. 1998లో టిమ్ హోవనెక్, ఇంకొందరు కలిసి మంచినీళ్ళ ట్యాంకుల్లో చూస్తే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా జాతి అని తేలింది. 2005లో అయితే ఇంకా ఆశ్చర్యం, సియాటిల్ అక్వేరియంలోని ఉష్ణమండల మెరైన్ ట్యాంక్ నుంచి అమ్మోనియాని తినే ఆర్కియాని వేరుచేశారు, అది అసలు బ్యాక్టీరియానే కాదు, ఆర్కియా అంటే వేరే తరహా ఏకకణ జీవులు, దానికి నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. మనలాంటి వాళ్ళం పెట్టుకునే ఉప్పునీళ్ళ ట్యాంక్ లాంటి దాంట్లోంచే అంత కొత్త జీవి బయటపడింది అంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది, గాజు వెనకాల కనపడే ఖాళీ రాళ్ళని చూసే చూపే మారిపోయింది.

రెండో బాటిల్ పోసిన మూడో రోజుకి, అంటే 13వ రోజు, నైట్రైట్ ట్యూబ్‌లో నీలం కాస్తా లేత వంగపండు ఛాయకి తిరిగింది. కార్డు మీద 0.25. ఆ ఒక్క ఛాయ కోసం పన్నెండు రోజులు చూశా. 16వ రోజుకి అమ్మోనియా 1, 18వ రోజుకి 0.25, నైట్రైట్ మాత్రం ముదురు ఊదా, కార్డులో ఆఖరి గడి 5 పిపిఎం దాకా వెళ్ళిపోయింది. సరే కదా అని మళ్ళీ 2 పిపిఎం అమ్మోనియా పోశా, రెండు రోజుల్లో అదీ దిగిపోయింది.

ఆ తర్వాతే అసలు చిక్కు. నైట్రైట్ ఊదా రంగు కదలదు. ఇవాళ చూసినా అదే, నాలుగు రోజులాగి చూసినా అదే. సైకిల్ ఆగిపోయిందేమో, నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలేమో అని చాలామంది కంగారు పడేది ఇక్కడే, నేనూ పడ్డా. కానీ లెక్క వేసి చూస్తే విషయం అర్థమైంది. 1 పిపిఎం అమ్మోనియా మొత్తం నైట్రైట్‌గా మారితే దాదాపు 2.7 పిపిఎం అవుతుంది, ఎందుకంటే నైట్రోజన్‌కి ఆక్సిజన్ వచ్చి చేరి బరువు పెరుగుతుంది. నేను రెండుసార్లు 2 చొప్పున పోశా, మొత్తం 4, అంటే నైట్రైట్ 10 దాటి ఉండొచ్చు. కార్డు 5 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 10 అయినా 6 అయినా ఒకే ఊదా కనపడుతుంది, లోపల తగ్గుతున్నా మనకి తెలియదు.

దీనికి మార్గం చాలా తేలిక, ఏ కిట్ కాగితంలోనైనా పెద్దక్షరాలతో రాయాల్సిన విషయం ఇది. ట్యాంక్ నీళ్ళు ఒక ఎంఎల్ తీసుకుని, తొమ్మిది ఎంఎల్ ఆర్వో నీళ్ళలో కలిపి, ఆ కలిపిన నీళ్ళలోంచి 5 ఎంఎల్ టెస్ట్ చేసి, వచ్చిన దాన్ని పదితో గుణించాలి. కొలవడానికి సూది లేని సిరంజి వాడితే సరిపోతుంది. 24వ రోజు అలా చేస్తే 1 వచ్చింది, అంటే 10 పిపిఎం. లెక్క సరిగ్గా కుదిరింది! అమ్మోనియా పొయ్యడం ఆపేశా. 29వ రోజు 0.5, అంటే 5. తగ్గుతోంది, సైకిల్ ఆగలేదు, బాగానే నడుస్తోంది. 33వ రోజు ఏమీ కలపకుండా నేరుగా చేస్తే 1, 35వ రోజు మళ్ళీ మొదటి రోజు చూసిన ఆకాశనీలం. ఉప్పునీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి నైట్రైట్ చేప మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్ళడం మంచినీళ్ళలో కంటే చాలా తక్కువ, అందుకే మెరైన్ వాళ్ళు కొందరు నైట్రైట్‌ని అంతగా పట్టించుకోరు. నేను మాత్రం జీరో అయ్యేదాకా ఆగా, ఎందుకంటే అది జీరో అయితేనే రెండో రకం జీవులు కూడా స్థిరపడ్డాయని నమ్మకం.

నైట్రేట్ టెస్ట్ గురించి విడిగా చెప్పాలి, ఈ కిట్‌లో ఎక్కువమంది తప్పు చేసేది దాంట్లోనే. దాని రెండో సీసాలో పొడి అడుగున పేరుకుపోతుంది. నెమ్మదిగా తిప్పితే చాలదు, 30 సెకన్ల పాటు చెయ్యి నొప్పెట్టేలా ఊపాలి, సీసాని బల్ల అంచుకి రెండు మూడుసార్లు తట్టి మరీ ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబ్‌ని ఇంకో నిమిషం ఊపాలి. ఒకే నీళ్ళతో రెండు ట్యూబులు పెట్టి, ఒకటి ఊపి, ఒకటి ఊపకుండా చేశా. ఊపనిది పసుపుగానే ఉండిపోయింది, ఊపింది నారింజ దాటి ఎరుపెక్కింది. అదే నీళ్ళు, అదే సీసా. ఇంకో సంగతి, నైట్రైట్ ఉన్నన్ని రోజులూ నైట్రేట్ రీడింగ్‌ని నమ్మొద్దు. ఈ టెస్ట్ నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి అప్పుడు రంగు తెప్పిస్తుంది, నీళ్ళలో అప్పటికే నైట్రైట్ ఉంటే అది కూడా లెక్కలో కలిసిపోయి రీడింగ్ లేనంత ఎక్కువ చూపిస్తుంది. 24వ రోజు నాకు రక్తం లాంటి ఎరుపు వచ్చింది, దానికేం అర్థం లేదు, నైట్రైట్ పోయాక చేసిందే నిజం.

అమ్మోనియా టెస్ట్‌లో జీరోకి, 0.25కి తేడా కనిపెట్టడం ఈ కిట్‌లో నాకు నచ్చని విషయం. పసుపా, పసుపులో కొంచెం పచ్చా అని నేనూ నా భార్యా రోజూ వాదించుకునేవాళ్ళం, తను "పచ్చగా ఉందండీ" అంటుంది, నాకు పసుపే కనపడుతుంది. చివరికి కార్డుని పక్కన పెట్టి, అప్పుడే కలిపిన కొత్త ఉప్పునీళ్ళతో ఇంకో ట్యూబ్ చేసి, రెండూ పక్కపక్కన తెల్ల కాగితం ముందు పెట్టి చూడడం మొదలుపెట్టాం. రెండూ ఒకే రంగైతే జీరోనే. ఆ తర్వాత వాదన లేదు. చూసేది పగటి వెలుతురులోనే చూడండి, ట్యాంక్ నీలం లైట్ కింద చూస్తే అన్ని రంగులూ అబద్ధమే.

పీహెచ్ మొదట్లో 8.2, నైట్రైట్ బాగా ఉన్న రోజుల్లో 7.8కి దిగింది. ఈ జీవులు పనిచేస్తూ నీళ్ళలోని ఆల్కలినిటీని, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని వాడుకుంటాయి, ఆక్సిజన్‌ని కూడా బాగా లాగేస్తాయి, కాబట్టి నీళ్ళ ఉపరితలం ఎప్పుడూ కదులుతూ ఉండాలి. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరవ్వదు, అందుకని గాజు మీద గీత పెట్టుకుని, తగ్గినంత మామూలు ఆర్వో నీళ్ళే పోశా. లైట్ ఈ నెలంతా ఆపే ఉంచా, లేకపోతే నాచు ముందు వస్తుంది.

36వ రోజు పరీక్ష. 2 పిపిఎం అమ్మోనియా పోసి, సరిగ్గా 24 గంటలకి రెండు టెస్టులూ చేశా. అమ్మోనియా పసుపు, నైట్రైట్ నీలం. నమ్మకం కుదరక 37వ రోజు మళ్ళీ పోసి చూశా, మళ్ళీ అంతే. నైట్రేట్ 20కీ 40కీ మధ్యలో వచ్చింది, నాలుగుసార్లు పోసిన 8 పిపిఎంకి లెక్క ప్రకారం 29 దాకా రావాలి, అదీ కుదిరింది. సగానికి పైగా నీళ్ళు మార్చి, కొత్త నీళ్ళ వేడి, ఉప్పు రెండూ ట్యాంక్‌తో సమానంగా చూసుకుని పోసి, నైట్రేట్‌ని 10 దగ్గరికి తెచ్చా. 38వ రోజు రెండు క్లౌన్ ఫిష్‌లు వచ్చాయి.

కిట్ లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. ట్యూబ్ మూతలు కొంచెం వదులు, ఊపేటప్పుడు కారుతుంది, అలాగని వేలు అడ్డం పెట్టి ఊపొద్దు, నైట్రేట్ మొదటి సీసాలో ఆమ్లం ఉంటుంది, చర్మం కాలుతుంది, పిల్లలకి అస్సలు అందకూడదు. టెస్ట్ చేసిన నీళ్ళు తిరిగి ట్యాంక్‌లో పొయ్యొద్దు. సీసాని వంచి పడితే చుక్క సైజు మారి రీడింగ్ మారుతుంది, నిలువుగా తలకిందులు చేసి పట్టుకోవాలి. ట్యూబులు వెంటనే కడక్కపోతే ఊదా మరక పడుతుంది, నా ట్యూబుల్లో ఒకటి అలాగే పాడైంది. నాలుగు టెస్టులూ చెయ్యాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది, రోజూ చెయ్యడం విసుగే, కానీ సైక్లింగ్‌లో అమ్మోనియా, నైట్రైట్ మాత్రం రోజు విడిచి రోజు చేస్తే చాలు.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి తగ్గించింది మూతలకీ, 0.25 గొడవకీ. మొదటి బాటిల్ బ్యాక్టీరియాకి సున్నా, రెండోదానికి నాలుగు.

చేపలు వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మొదటి వారం రోజూ పొద్దున్నే అమ్మోనియా చూశా, ఏడు రోజులూ కొత్త ఉప్పునీళ్ళ ట్యూబ్‌తో సమానమైన పసుపే వచ్చింది. ఇసుక మీద గోధుమరంగు పొర మొదలైంది, అది డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు, కొత్త ట్యాంక్‌కి మామూలే. రెండిట్లో పెద్ద క్లౌన్ ఎడమ పక్క రాయి కింద చోటు చూసుకుంది, చిన్నది దాని వెనకే తిరుగుతోంది. ఇంకో చేపని ఇప్పుడప్పుడే వెయ్యను, ఈ రెండింటికి సరిపడా పెరిగిన పొర ఇంకొంచెం గట్టిపడాలి, నెల తర్వాత మళ్ళీ ట్యూబులు పెట్టి చూసి అప్పుడు ఆలోచిస్తా.